వార్తల్లో పదం: మాక్రోసోమియా

పుట్టే బిడ్డ బరువు 4 కిలోలు దాటితే మాక్రోసోమియా అంటారు. కొందరు 4.5 కిలోలను గీతగా పెట్టుకుంటారు. గర్భిణుల షుగర్, సిజేరియన్ల వార్తల్లో కనిపిస్తున్న మాట ఇది.

షుగర్ ఉన్న తల్లి రక్తంలోని అదనపు చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, ఇన్సులిన్ చేరదు. దాంతో బిడ్డ క్లోమమే అదనంగా ఇన్సులిన్ తయారుచేస్తుంది. దాని ప్రభావంతో కొవ్వు భుజాల దగ్గర, పొట్ట చుట్టూ పేరుకుంటుంది. అసలు చిక్కు ఇక్కడే. కాన్పులో తల బయటికొచ్చాక భుజం ఇరుక్కోవచ్చు.

అలాగని షుగర్ ఉన్న ప్రతి గర్భిణికీ ఆపరేషన్ అక్కర్లేదు. అదుపులో ఉంటే చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. షుగర్ ఉన్నవారిలో స్కాన్ అంచనా 4,500 గ్రాములు, ఆపైన ఉంటే సిజేరియన్ గురించి తల్లితో చర్చించాలని అమెరికా ప్రసూతి నిపుణుల సంఘం చెబుతుంది. ఆ అంచనా కూడా 10 శాతానికి పైగా అటూఇటూ కావచ్చు. ‘బిడ్డ పెద్దగా ఉంది’ అన్నప్పుడు ఎన్ని గ్రాములో, ఎన్నో వారమో డాక్టరుగారిని తప్పక అడగండి.