ఓడే జట్టులోకి ఎవరొస్తారు?

2010 నవంబరు 20. ఇండియానా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు సొంతగడ్డ మీద పెన్ స్టేట్‌తో తలపడాల్సిన రోజు. తీరా ఆట జరిగింది మాత్రం ఇండియానాలో కాదు... అక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరాన, మేరీలాండ్‌లోని ఓ స్టేడియంలో! గ్యాలరీల్లో ఎటు చూసినా పెన్ స్టేట్ అభిమానులే. ఎందుకంటారా... సొంతూళ్లో ఆడాల్సిన ఆ మ్యాచ్‌ని ఇండియానా 30 లక్షల డాలర్లకు అక్కడికి తరలించేసింది మరి. డబ్బొచ్చింది. మ్యాచ్ 41-24తో పోయింది.

పెళ్లిని అద్దెకిచ్చి వచ్చినవాళ్లకి భోజనాలు వడ్డించినట్టుంది కదూ! అయినా పెద్దగా ఎవరూ బాధపడలేదు. ఓటమి ఆ జట్టుకి అంతగా అలవాటైపోయింది. 2023 సీజను ముగిసేసరికి దాని ఖాతాలో ఉన్న పరాజయాలు 700కు పైనే.

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న పిల్లలున్న ఇళ్లలో ఈ గోల కొంత తెలిసే ఉంటుంది. శనివారం వస్తే చాలు, ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని స్టేడియం దారి పడుతుంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, తలకి హెల్మెట్ పెట్టుకుని ఒకరినొకరు ఢీకొట్టుకునే ఆట. మన దగ్గర యూనివర్సిటీల మధ్య పోటీలు జరిగితే పేపర్లో నాలుగు లైన్లు వస్తే గొప్ప. అక్కడ లక్షమంది పట్టే కాలేజీ స్టేడియాలున్నాయి! పైస్థాయిలో ఆడే కాలేజీలు 130కి పైనే. కానీ కప్పు మాత్రం ఎప్పుడు చూసినా ఆ పదీ పదిహేను జట్ల మధ్యే తిరుగుతుంటుంది. మిగిలినవాళ్లకి చేతకాకనా?

గానుగెద్దు తిరుగుడు

అసలు కిటుకు ఎంపికలో ఉంది. ఐపీఎల్ వేలంలో అన్ని జట్లకీ ఖర్చు పరిమితి ఒకటే. అమెరికాలోనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో అయితే, ఆఖర్న నిలిచిన జట్టుకే కొత్త ఆటగాళ్లలో మొదటివాణ్ని ఎంచుకునే హక్కు. పడినవాడికి చెయ్యందించే ఏర్పాటన్నమాట. కాలేజీ ఆటలో అదేం లేదు. ఇక్కడ కాలేజీ కుర్రాణ్ని ఎంచుకోదు, పదిహేడేళ్ల కుర్రాడే కాలేజీని ఎంచుకుంటాడు. గెలిచే జట్టు, నిండిన గ్యాలరీ, టీవీలో కనిపించే అవకాశం... ఇవన్నీ ఒకచోట ఉంటే ఓడే జట్టు గడప తొక్కేదెవరు? మంచి ఆటగాళ్లు రారు కాబట్టి ఓడతారు. ఓడతారు కాబట్టి మంచి ఆటగాళ్లు రారు. గానుగెద్దులా అక్కడక్కడే తిరగడం!

దీనికి తోడు ఊరు కూడా కలిసిరావాలి. టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా, కాలిఫోర్నియాల్లో హైస్కూలు ఫుట్‌బాల్ జోరే వేరు. అక్కడి కాలేజీలకు పక్కవీధిలోనే ఆటగాళ్లు దొరుకుతారు. కాన్సాస్ లాంటిచోట కోచ్ విమానమెక్కి వెతుక్కోవాలి. ఒకప్పుడు పెద్ద జట్లు అవసరం ఉన్నా లేకున్నా వందమందికి పైగా కుర్రాళ్లని స్కాలర్‌షిప్ ఇచ్చి కూర్చోబెట్టేవి. ఆ సంఖ్యకి 1973లో పగ్గాలు పడ్డాయి. 1992 నాటికి 85కి దిగింది. దాంతో చిన్న జట్లకి కాస్త ఊపిరాడింది.

ఇక మరీ చిన్న కాలేజీల సంగతి వేరు. పెద్ద జట్టు మైదానానికి వెళ్లి, చెక్కు తీసుకుని, ఓడి వస్తాయి. క్రీడల విభాగం ఖర్చులకి ఆ డబ్బే ఆధారం. అప్పుడప్పుడూ కథ అడ్డం తిరుగుతుంది కూడా. 2007లో మిషిగన్ నాలుగు లక్షల డాలర్లిచ్చి మరీ పిలిపించుకున్న అపలాచియన్ స్టేట్, 34-32తో ఆ మిషిగన్‌నే ఓడించి చెక్కు పట్టుకుపోయింది!

ఒక్క గెలుపుకి ఏడాది

ఈ గానుగ నుంచి బయటపడ్డవాళ్లు లేకపోలేదు. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊరిపేరు మాన్‌హట్టన్. న్యూయార్క్‌లోది కాదు, కాన్సాస్‌లోని చిన్న పట్టణం. అమెరికాలో 500 ఓటములు మూటగట్టుకున్న మొట్టమొదటి పైస్థాయి జట్టు ఇదే. 1989లో 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్' పత్రిక దీన్ని చేతకానితనానికి యూనివర్సిటీగా వర్ణిస్తూ కథనం వేసింది. అప్పటికి 27 మ్యాచ్‌లుగా ఒక్క గెలుపూ లేదు. సరిగ్గా ఆ సమయంలో వచ్చాడు బిల్ స్నైడర్.

ఆయనేం మాయ చేయలేదు. జట్టు గుర్తు మార్చాడు. పెద్ద జట్లు పట్టించుకోని జూనియర్ కాలేజీల్లో ఆటగాళ్లని వెతికాడు. తప్పనిసరి మ్యాచ్‌లు పోను మిగిలినవాటికి బలహీనమైన ప్రత్యర్థుల్ని పిలిచాడు. దానికి ఆయన్ని ఎగతాళి చేసినవాళ్లు చాలామంది. కానీ గెలుపు రుచి ఎరగని కుర్రాళ్లకి ముందు ఎక్కడో ఒకచోట గెలవడం తెలియాలిగా! మొదటి ఏడాది మొత్తం మీద దక్కింది ఒక్కటే విజయం... అదీ నార్త్ టెక్సాస్ మీద ఆఖరి క్షణంలో. పది ఓటములు. మరోచోటైతే ఆయన కుర్చీ కదిలేదే. ఇక్కడ ఆగారు. రెండో ఏడు 5 విజయాలు, మూడో ఏడు 7, ఐదో ఏట 9. 1998 నాటికి లీగ్ దశలో ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచేశారు. తర్వాత జట్టు మళ్లీ జారింది, 2005లో స్నైడర్ తప్పుకున్నాడు. 2009లో ఆయన్నే బతిమాలి తెచ్చుకున్నారు.

ఓపిక లేకపోతే ఏమవుతుందో నెబ్రాస్కాని అడగాలి. 1990ల్లో మూడు జాతీయ టైటిళ్లు గెలిచిన జట్టు. 2003లో కోచ్ ఫ్రాంక్ సోలిచ్ 9 మ్యాచ్‌లు గెలిచి 3 ఓడాడు. అది చాలదని తీసేశారు. కొన్నేళ్ల తర్వాత వచ్చిన బో పెలీనీ ఏడేళ్లపాటు ఏటా కనీసం 9 గెలిచాడు. 2014లో ఆయనకీ ఉద్వాసనే! ఫలితం... 2017 నుంచి 2023 వరకూ సీజను చివర జరిగే బౌల్ మ్యాచ్‌ల మొహమే చూడలేదు. అయినా వాళ్ల స్టేడియం టికెట్లు మాత్రం 1962 నుంచీ ప్రతి మ్యాచ్‌కీ అమ్ముడుపోతూనే ఉన్నాయి. అభిమానుల సంగతి అలా ఉంటే, డబ్బు సంగతి టెక్సాస్ ఏ అండ్ ఎమ్ చెబుతుంది. 1939 తర్వాత జాతీయ టైటిల్ ఎరగని ఆ కాలేజీ, 2023లో కోచ్ జింబో ఫిషర్‌ని ఇంటికి పంపడానికే దాదాపు 7.6 కోట్ల డాలర్లు ఇస్తానని ఒప్పుకుంది. గెలిచినందుకు కాదు, వెళ్లిపోయినందుకు!

పేరు వెతుక్కోండి!

2021లో ఆట నియమాలే మారిపోయాయి. కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. ఒక ఏడాది కూర్చోకుండానే వేరే కాలేజీకి మారిపోవచ్చు. దీంతో డబ్బున్న జట్ల చేతిలోకే ఆట పూర్తిగా వెళ్లిపోతుందనుకున్నారు చాలామంది. ఆ భయం పూర్తిగా తప్పేం కాదు. అయితే హైస్కూలు కుర్రాణ్ని తెచ్చి నాలుగేళ్లు పెంచాల్సిన పనీ తప్పింది.

దాన్ని అందిపుచ్చుకున్నది ఎవరో కాదు... సొంతూరి మ్యాచ్‌ని అమ్ముకున్న ఇండియానానే. 2023 చివర్లో 62 ఏళ్ల కర్ట్ సిగ్నెటిని కోచ్‌గా తెచ్చింది. అలబామా లాంటి పెద్ద జట్టులో సహాయకుడిగా ఉన్న పనిని వదులుకుని, 2011లో చిన్న కాలేజీకి కోచ్‌గా వెళ్లినవాడాయన. ఆటగాళ్లని ఎలా ఒప్పిస్తారని అడిగితే, తాను గెలుస్తానని, కావాలంటే గూగుల్‌లో తన పేరు వెతుక్కోమని చెప్పాడు. అందరూ నవ్వుకున్నారు. ఆయన మాత్రం అంతకుముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ నుంచి పదిమందికి పైగా ఆటగాళ్లని వెంటబెట్టుకొచ్చాడు. పేరున్న కుర్రాళ్లకన్నా, ఎక్కడో ఒకచోట నిలకడగా ఆడి చూపించినవాళ్లే కావాలన్నది ఆయన లెక్క. 2023లో 3 మ్యాచ్‌లు గెలిచిన జట్టు 2024లో 11 గెలిచింది. మరుసటేడు కాలిఫోర్నియా నుంచి ఫెర్నాండో మెండోజా వచ్చి చేరాడు. ఆ సీజన్లోనే అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు.

2025 నవంబరు 8న ఇండియానా మళ్లీ పెన్ స్టేట్‌తో ఆడింది. ఈసారి వాళ్ల ఊళ్లో, వాళ్ల స్టేడియంలో. అక్కడ ఇండియానా అంతకుముందెప్పుడూ గెలిచి ఎరగదు. ఏడాది మొదట్లో జాతీయ సెమీఫైనల్ ఆడిన పెన్ స్టేట్, అప్పటికే వరస ఓటములతో తన కోచ్‌ని తీసేసి ఉంది. చివరి నిమిషం... ఇండియానా వెనకబడి ఉంది. మెండోజా విసిరిన బంతిని ఒమర్ కూపర్ గీత దాటబోతూ, కాలివేళ్లు మైదానంలో ఆనించి గాల్లోనే అందుకున్నాడు. 27-24. 2026 జనవరి 19న మయామీని 27-21తో ఓడించి ఇండియానా తన మొదటి జాతీయ టైటిల్ ఎత్తుకునేసరికి, ఆ సీజన్లో ఆడిన మ్యాచ్‌లు 16, ఓడినవి సున్నా.