అంకెలు పూర్తిగా అందకముందే

కొల్లేటి సీమలోని భీమడోలులో చేపల చెరువుకు అప్పు తెచ్చుకున్న రైతు చెల్లించే వడ్డీకి, ముంబయిలో భారతీయ రిజర్వు బ్యాంకు తీసుకునే నిర్ణయానికి సంబంధం ఉన్నది. 1935 ఏప్రిల్ 1న కార్యకలాపాలు ప్రారంభించిన రిజర్వు బ్యాంకు మన కేంద్ర బ్యాంకు. అది ఇతర బ్యాంకులకు ఇచ్చే స్వల్పకాలిక రుణంపై వడ్డీని రెపో రేటు అంటారు. అది పెరిగితే అప్పులు ప్రియమై, కొనుగోళ్ళు తగ్గి, ధరలు అదుపులోకి వస్తాయి. తగ్గితే అప్పులు క్రమంగా చౌక అవుతాయి.

ఈ రేటును ఊహతో నిర్ణయించరు. బ్యాంకులోని ఆర్థిక పరిశోధకులు పంటల దిగుబడిని, ధరల సూచీలను, పారిశ్రామికోత్పత్తిని నిత్యం పరిశీలిస్తారు. అయితే నిర్ణయానికి వేళయ్యేసరికి అంకెలన్నీ చేతికి అందవు. అందినవీ తరువాత మారవచ్చు. ఆ చిక్కు ఎంతటిదో దువ్వూరి సుబ్బారావు అనుభవం వల్ల తెలుస్తుంది.

ఆయన 1949లో ఏలూరులో జన్మించారు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఖరగ్‌పూర్, కాన్పూర్ ఐఐటీలలో భౌతికశాస్త్రం అభ్యసించారు. 1972లో ఐఏఎస్‌కు ప్రథమస్థానంలో ఎంపికయ్యారు. అటుపిమ్మట అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. ప్రపంచ బ్యాంకులో ఆర్థికవేత్తగా, కేంద్ర ఆర్థిక కార్యదర్శిగా పనిచేసి, 2008 సెప్టెంబరు 5న రిజర్వు బ్యాంకు గవర్నరు అయ్యారు.

పదిరోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ సంస్థ దివాలా తీసింది. ప్రపంచమంతటా అప్పు పుట్టడం కష్టమైంది. అప్పటికి 9 శాతంగా ఉన్న రెపో రేటును ఆయన 2009 ఏప్రిల్ నాటికి 4.75 శాతానికి దించారు. పిదప ధరలు పెరగసాగాయి. 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు వరకు 13 పర్యాయాలు పెంచి, రేటును 8.5 శాతానికి చేర్చారు.

వృద్ధి కుంటుపడుతున్నదని కొందరు, ధరలకు కళ్ళెం వేయడం ఆలస్యమైందని మరికొందరు విమర్శించారు. రెండు వాదాలనూ తోసిపుచ్చలేము. వడ్డీ పెరిగితే అప్పుచేసిన రైతుకు భారం. ధర పెరిగితే కూలి డబ్బుతో బియ్యం, పప్పు కొనుక్కునే కుటుంబానికి భారం. మొదటి బాధ సభలలో వినిపిస్తుంది. రెండవది ఇంటి గడప దాటి రాదు.

పదవీ విరమణకు ముందు, 2013 ఆగస్టులో చేసిన ప్రసంగంలో సుబ్బారావు ఈ విమర్శకు సూటిగా సమాధానమిచ్చారు. రేట్ల పెంపు ఇంకా ముందుగా, ఇంకా వేగంగా జరిగి ఉంటే దేశానికి మేలయ్యేదని అంగీకరించారు. సంక్షోభ కాలంలో వృద్ధి తాము భయపడినంతగా పడిపోలేదని సవరించిన గణాంకాలు తరువాత తెలిపాయి. నిర్ణయం తీసుకున్ననాడు ఆ అంకెలు ఎవరి వద్దా లేవు.

ఆ రోజులలో తుది నిర్ణయం గవర్నరుదే. 2016 నుంచి ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ ఓటు ద్వారా రేటును నిర్ణయిస్తున్నది. నిర్ణేతలు ఎందరైనా, అరకొర అంకెలతో సకాలంలో నిర్ణయించడం, కొత్త అంకెలు రాగానే పాత నిర్ణయాన్ని నిజాయితీగా తూచి చూడడం ఆర్థికవేత్త ధర్మం.