ఒంటితీగయా, పోగులతీగయా?

రేడియోయో చార్జరో హెడ్‌ఫోనో ఇంట మూలబడినపుడు విప్పి చూచినవారికి తరచుగా కనబడు దోషము తెగిన తీగయే. దానిని మార్చబూని హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలోని దుకాణమునకు పోయినవాని ముందు రెండు చుట్టలు నిలుచును: తొడుగు లోపల ఒకే రాగికడ్డి గల సింగిల్‌కోరు ఒకటి, సన్నని పోగులు పెక్కు పురివేసిన మల్టీస్ట్రాండు వేరొకటి.

ఏది విద్యుత్తును బాగుగ మోయునని విచారించుట ఇచట వ్యర్థము. రాగి పరిమాణము సమానమైనచో నిరోధమును ఇంచుమించు సమానమే. 0.2 మిల్లీమీటరు పోగులు ఏడు గలిగి 7/0.2 అని వ్యవహరింపబడు తీగ మీటరు పొడవున ఓములో పదవ వంతు నిరోధమైనను చూపదు. అధిక పౌనఃపున్యమున ప్రవాహము తీగ ఉపరితలమునకే పరిమితమగును గావున పోగులతీగయే శ్రేష్ఠమని కొందరు వాదింతురు. కాని పోగులు ఒండొంటిని తాకుచుండగా ఆ లాభము దక్కదు. ప్రతి పోగునకును వేరుగ ఎనామిలు పూసిన లిట్జ్ తీగకే, పాత మీడియంవేవు రేడియోల ఫెరైటు కడ్డీపై చుట్టు దానికే, ఆ గుణము చెల్లును.

విచారింపవలసినది, బిగించిన పిమ్మట తీగ కదలునా యనునదొక్కటే. రాగి వంచినకొలది గట్టిపడి, పగులుపట్టి, తెగును. వంపున వెలుపలివైపు కలుగు సాగుడు కడ్డీ మందమును బట్టి పెరుగును గనుక, 0.64 మిల్లీమీటరు ఒంటితీగ ఓర్వలేని వంపును 0.2 పోగు అవలీలగ ఓర్చును. కావున స్పీకరునకు, బ్యాటరీడబ్బాకు, తెరచి మూయు మూతకు పోగులతీగ. పీసీబీపై తెగిన రాగిదారికి వంతెన వేయుటకు, బ్రెడ్‌బోర్డు రంధ్రముల గుచ్చుటకు ఒంటితీగ. ఇది వంచిన రూపమున నిలుచును, పోగు విడివడి పక్కదానిని తాకు భయమును ఉండదు.

అయినను, పోగులతీగ వేసియు కొలది దినములకే తెగినదని వగచువారు కలరు. అట్టివారు తెగిన చోటును పరికింపవలెను. కరగిన టంకము వత్తిలో నూనెవలె పోగుల నడుమ ప్రాకి తొడుగు లోపలికి చొచ్చును. అంతమేర ఏడు పోగులును కలసి ఒక్క కడ్డీయే యగును. ఆ కడ్డీ ముగిసి పోగులు మొదలగు సరిహద్దుననే వంపంతయు కేంద్రీకరించి తీగ తెగును. దానికి కారణము తీగ జాతి కాదు, బాగుచేసినవాని చేయి. టంకము కొద్దిగ వేసి, వేడిని త్వరగ తొలగించి, అతుకు దాటిన పిదప తీగను జిప్‌టైతోనో హీట్‌ష్రింకు గొట్టముతోనో కదలకుండ పట్టి యుంచిన ఈ బాధ చాలవరకు తీరును. స్క్రూ క్రింద బిగించు కొసలకు మాత్రము టంకము పూయనే రాదు; ఆ మెత్తని లోహము ఒత్తిడికి మెల్లగ జారి, పట్టు సడలి, ఆ చోటు వేడెక్కును. అచట కొసకు ఫెర్రూలు అను చిన్న లోహపు గొట్టమును తొడిగి, నొక్కి బిగింపవలెను.

రెండు చుట్టలును కొనుట ఉత్తమము. ఒక్కటియే కొనదలచినవారు 7/0.2 తీగను కొనుడు.