శస్త్రవైద్యుల యభ్యాసము

శస్త్రమును చేతబట్టిన ప్రతి వైద్యునకును మొదటి రోగి యొకడుండి తీరవలెను. ఆ రోగి యెవ్వడు? ధనవంతుడు పేరుగాంచిన వైద్యుని నాశ్రయించును. అభ్యాసకుని చేతికి దొరకువాడు తఱచుగ ధర్మాసుపత్రికి వచ్చిన బీదవాడే. ఈ యన్యాయమును తగ్గించుట కిపుడు చౌకయగు సాధన మొకటి లభించినది.

జీవించియున్నవాని దేహముపై తొలిపాఠము నేర్వరాదను నియమము మనకు క్రొత్తది కాదు. గుమ్మడి, సొర, దోస కాయలపై కోతను, నీటితో నిండిన తోలుసంచులపై భేదనమును ముందుగ నభ్యసింపవలెనని సుశ్రుతసంహిత విధించినది. వర్చువల్ రియాలిటీ యను నేటి పద్ధతి యా సూత్రమునకే క్రొత్త రూపము. శిష్యుడు కన్నులకు పరికరమును ధరించి చేతిసాధనములను కదల్పగా శస్త్రశాలయు, రోగియు నెదుట నున్నట్లే తోచును. తప్పిన కోతను, ఎవ్వరికిని బాధ కలుగకుండ, మఱల మఱల దిద్దుకొనవచ్చును.

ఇది వట్టి వినోదము కాదు. 2002లో ప్రకటితమైన యేల్ విశ్వవిద్యాలయ పరిశోధనయందు 16 మంది శిష్యవైద్యులను రెండు తెగలుగ పరీక్షించిరి. యంత్రముపై నభ్యసించినవారు పిత్తాశయమును 29 శాతము త్వరగా వేఱుపఱచిరి. అభ్యసింపనివారు దానిని గాయపఱచుటయో, ప్రక్కభాగమును కాల్చుటయో అయిదురెట్లధికముగ సంభవించెను. నాటి యంత్రములు మిక్కిలి వ్యయసాధ్యములు. 2019లో విపణికి వచ్చిన ఆక్యులస్ క్వెస్టు వెల నాడు 399 డాలర్లే యుండెను. అమెరికాలోని సదరన్ మెథడిస్టు విశ్వవిద్యాలయమువారు గర్భాశయముఖపు క్యాన్సరు శస్త్రచికిత్సను జాంబియా వైద్యులకు నేర్పుటకై విపణిలో దొరకు పరికరములతోనే అభ్యాసక్రమమును కల్పించిరి.

అవసర మెంతటిదో చూడుడు. లోకమున 500 కోట్ల మందికి సురక్షితమైన శస్త్రచికిత్స అందుబాటులో లేదనియు, ఏటేట 14 కోట్ల 30 లక్షల చికిత్సలు అదనముగ కావలసియున్నవనియు లాన్సెట్ సంఘమువారు 2015లో తేల్చిరి.

అయితే యంత్రమునే నమ్మి గురువును విడువుడని మేము చెప్పుట లేదు. చౌకపరికరము కంటికి చూపును గాని కండ మెత్తదనమును, రక్తనాళపు బిగువును చేతికి తెలుపజాలదు. క్రమమును, ధైర్యమును నేర్పుటయే దాని పని. తక్కినది గురుసన్నిధినే నేర్వవలెను.

ప్రతి వైద్యకళాశాలయందును నైపుణ్య ప్రయోగశాల యుండవలెనని 2020 నాటి జాతీయ నిబంధనలు శాసించినవి. గది యుండియు తాళము పడియున్నచో ఫలమేమి? ఆంధ్ర, తెలంగాణ జిల్లాలలో నిటీవల వెలసిన ప్రభుత్వ కళాశాలలకు ఈ పరికరములను, నేర్పగల యుపాధ్యాయులను ప్రభుత్వములు తక్షణమే సమకూర్పవలెను. సత్రములకును, ఆలయములకును భూరిగ దానమొనర్చు మన గృహస్థులును ఇందుకు చేయూత నిత్తురుగాక. బీదవాని దేహము శిష్యుని తొలి పలకగా నుండుట ఇంకను సహింపదగినది కాదు.