కరగిన రూపాయలు

ఇది పురుషుల యాటను గూర్చిన వ్యాసమని పత్రికను మడిచి పెట్టకుడు. ఇందులో ఆట కొంచెమే. మిగిలినదంతయు వెండి, లెక్కల పుస్తకము, పదిమంది సొమ్ము. ఈ మూడును మనకు క్రొత్తవి కావు.

ఒకనాటి సాయంకాలము మావారు పాఠశాల నుండి వచ్చి పత్రికలో నొక వెండి పాత్ర బొమ్మను చూపిరి. మూడు నాగుబాములు పడగలెత్తి దానికి పిడులై యున్నవి. మూతపై అంబారీతో ఏనుగు నిలిచియున్నది. కాణిపాకము మా ఐరాల మండలములోనిదే కదా! పామును, ఏనుగును ఒకచోట చూచిన మాకు గుడియే తోచును. "ఇది యే దేవళములోని పాత్ర?" అని యడిగితిని. ఆయన నవ్వి, "దేవళముది కాదు. ఇంగ్లండు వారికిని స్కాట్లండు వారికిని జరుగు రగ్బీ యాటలో గెలిచినవారి కిచ్చునది. కాని పుట్టినది కలకత్తాలో, మన రూపాయలతో" అనిరి. నాటి నుండి ఆ కథ నన్ను విడువలేదు.

రగ్బీ మన చెడుగుడునకు దాయాది వంటిది. ఇప్పుడు పక్షమునకు పదునైదుగురు ఆడుదురు. బంతి గుండ్రనిది కాదు, కోడిగ్రుడ్డు వలె కోలగా నుండును. దానిని చంక నిడుకొని పరుగెత్తి, ఎదుటివారి గీత దాటి నేల కానింపవలెను. తోడివాని కందీయవచ్చును గాని చేతితో ముందునకు విసరగూడదు. వెనుకకో ప్రక్కకో మాత్రమే. కూత పెట్టి వచ్చిన వానిని మన పిల్లలు పట్టునట్లే, బంతి గొని పోవువానిని ఎదుటివారు పట్టి పడవేయుదురు. అయితే మన యాటకు నేలపై నొక గీతయు, గుండెలో నొక ఊపిరియు చాలును. దానికో, పచ్చికయు మెత్తని నేలయు చల్లని గాలియు కావలెను. కలకత్తా యెండలో అవి యెంతకాలము దొరకును?

1872వ సంవత్సరము క్రిస్మసు పండుగనాడు కలకత్తాలోని తెల్లవారు నాటి వాడుక ననుసరించి పక్షమునకు ఇరువదిమంది చొప్పున నిలిచి యీ యాట నాడిరి. ఒకవైపు ఇంగ్లండు వారు; మరియొక వైపు స్కాట్లండు, ఐర్లండు, వేల్సు దేశముల వారు. వేడుక రుచించి మరుసటి జనవరిలోనే కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు నేర్పరచుకొనిరి. 1874లో అది ఇంగ్లండులోని రగ్బీ సమాఖ్యలో చేరెను. వీరెవ్వరును కూలికి ఆడినవారు కారు. కొలువులు ముగిసిన పిమ్మట సరదాకు ఆడినవారే.

మొదట క్లబ్బు బాగుగనే సాగెను. సభ్యులకు పానము ఉచితముగా పోయుచుండిరట. ఆ యుచితము నిలిచినంతనే వచ్చువారి సంఖ్య తగ్గెను. (ఈ మాట చదివి వినిపించినపుడు మావారు అనవసరముగా దగ్గిరి.) అదియే గాక, ఆ యెండకు టెన్నిసు, పోలో యను నాటలే మేలని పెక్కుమంది అటు మరలిరి. 1877 నాటికి ఆడువారు కఱవై క్లబ్బు మూతపడు స్థితికి వచ్చెను. బ్యాంకులో మాత్రము కొంత సొమ్ము మిగిలియుండెను.

ఈ సొమ్మేమి చేయవలెను? పంచుకొనవచ్చును, విందు చేసికొని తినివేయవచ్చును. క్లబ్బునకు నాయకుడును, కార్యదర్శియు, కోశాధికారియు తానేయైన రోత్నీ యను నాయన, మన దేశపు పనివారిచేత మేలైన పాత్రను చేయించి రగ్బీ సమాఖ్య కర్పింతమని సూచించెను. సభ్యులు వెండి రూపాయలను తెప్పించి కరగించిరి. అవి 270 అని చెప్పుదురు. నాటి రూపాయి సరిగా తులము తూకము; పండ్రెండు పాళ్ళలో పదునొక పాళ్ళు వెండి. మన అవ్వలు త్రాసులో రాతికి మారుగా రూపాయిని వేసి నగలను తూచుట యెరుగుదుము గదా! అట్టివి 270 తులములు మూసలో పడెను.

1878లో పాత్రను సమాఖ్యకిచ్చిరి. 1879 మార్చి 10వ తేదీన ఎడింబరోలో దాని కొరకు జరిగిన తొలి యాటలో ఇరుపక్షములు సమానమయ్యెను. మరుసటి సంవత్సరము ఇంగ్లండు గెలిచెను. నాటి నుండి, మహాయుద్ధముల వంటి విఘ్నములు తప్ప, యేటేటను ఆ పందెము సాగుచునే యున్నది. పీఠముపై గెలిచిన దేశము పేరును, నాయకుల పేర్లును చెక్కుదురు. పడగలు దిద్దిన కంసాలికిని అచ్చట చోటుండవలసినదని నా మనవి. 1988లో ఇరుపక్షముల యాటగాండ్రు మత్తులో ఆ పాత్రను ఎడింబరో వీథులలో తన్నుకొనుచు పోయి సొట్టలు పెట్టిరి. ఉచిత పానముతో మొదలైన కథకు అది తగిన యధ్యాయమే!

కలకత్తాలో రగ్బీ చావలేదు. 1884లో మరల తలయెత్తెను. 1965లో ఫుట్‌బాల్ క్లబ్బు అచ్చటి క్రికెట్ క్లబ్బుతో కలిసి నేటికిని ఒకే సంస్థగా నున్నది. మనకు సంతోషకరమైన దింకొకటి. 2018లో మన దేశపు స్త్రీలు పదునైదుగురి పక్షముగా తొలిసారి అంతర్జాతీయ రగ్బీలో దిగిరి. 2019లో మనీలా నగరమున సింగపూరు వారిని 21-19తో గెలిచిరి.

నేనీ కథను పట్టుకొని వ్రేలాడుటకు కారణము వేరొకటి యున్నది. మా వీథిలో పదునొకండుగురము స్త్రీలము ఆరేండ్లు నెలనెలా కొంత వేసికొని పుస్తకములు తెప్పించి, మధ్యాహ్నములందు కూడి చదువుకొంటిమి. కొందరు బిడ్డల కడకు బెంగుళూరు పోయిరి. కొందరికి చేతిలోని ఫోనే చాలెను. కూటము నిలిచిపోయెను. మిగిలిన 7,150 రూపాయలు నా పెట్టెలో నుండెను. "ఆ డబ్బేమాయెనో!" యను మాట నా వెనుక బయలుదేరినదని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాణిపాకము ప్రక్క పారు బాహుదకు ఆ పేరు వచ్చిన కథ శాంతిపర్వములోనిది. అన్న తోటలో అడుగక పండు తిన్న లిఖితునికి రాజు చేతులు నరికించెను. ఆ నదిలో మునిగిన పిమ్మట చేతులు మరల వచ్చెను. ఆ నది యొడ్డున పెరిగినదానికి ఇట్టి నింద యెట్లుండునో చదువరులే యూహింపవచ్చును.

మరునాడే లెక్కల పుస్తకముతో అందరిని పిలిచి, కలకత్తా కథ చెప్పి, పంచుకొనక బాలికలకు పుస్తకముల బీరువా కొనిత్తమంటిని. పలువురు తలయూపిరి. భర్తను కోల్పోయి కుట్టుపనితో ఇల్లు గడుపుకొను నొక చెల్లెలు మాత్రము, "అక్కా! ఆ దొరలకు తమ పాలు రూపాయలు లేకున్నను పూట గడచెను. నా పాలు ఆరువందల యేబది యుండిన నాకు ఈ నెల కరెంటు బిల్లు గడచును" అనెను. నాకు మాట రాలేదు. రోత్నీ సూచనలో నేను చూడని మడత నామె చూచినది.

ఆమె పాలు ఆమె కిచ్చితిమి. దానముగా కాదు, పుస్తకములో వ్రాసి, చేవ్రాలు గొని, హక్కుగా. తక్కిన 6,500 రూపాయలతో బీరువా వచ్చినది. తలుపుపై పది పేర్లే వ్రాయింపవలెనని యొకరిద్దరు పట్టుబట్టిరి. పదునొకండును వ్రాయించితిమి. లెక్కల పుస్తకమును గూడ దానిలోనే, క్రింది అరలో, ఎవరైనను తీసి చూచుటకు వీలుగా పెట్టితిని.