చోదకరహిత కార్లు - సైకిలిస్టులతో సంకేతములు

చోదకరహిత కారు అనగా కెమెరాలు, రాడార్, లైడార్ (లేజరు కిరణములతో దూరమును కొలిచే సాధనము), కంప్యూటరుల సహాయముతో తనంతట తానే నడిచే కారు. మామూలు కారు ఎదురైనపుడు సైకిలు తొక్కేవారు డ్రైవరు ముఖము వంక చూసి, తమను గమనించాడో లేదో తెలుసుకుంటారు. చోదకరహిత కారులో అలా చూడడానికి ముఖము ఉండదు. ఆ లోటును తీర్చే పద్ధతులను ఈ వ్యాసము వివరిస్తుంది.

సైకిలును గుర్తించడము

సంకేతముల కన్నా ముందు గుర్తింపు కావాలి. కారుతో పోలిస్తే సైకిలు నుండి రాడారు తరంగములు తక్కువగా తిరిగి వస్తాయి. అయితే తిరిగే చక్రములు, ఆడే కాళ్ళ వలన ఆ తరంగములలో కలిగే మార్పును బట్టి సైకిలును పోల్చుకొనవచ్చును.

2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని టెంపె పట్టణములో (అరిజోనా రాష్ట్రము) ఊబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు, సైకిలును నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొనగా ఆమె మరణించినది. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను పసిగట్టినదని అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి విచారణలో తేలినది. కానీ ఒకసారి వాహనమనీ, ఒకసారి వేరే వస్తువనీ, ఒకసారి సైకిలనీ భావించినది. అలా మారిన ప్రతిసారీ అంతకు ముందరి కదలికల లెక్కను వదలివేయడము వలన ఆమె ఎటు వెళ్ళబోతున్నదో అంచనా కట్టలేకపోయినది.

ఇరువైపుల సంకేతములు

తమ కార్లు సైకిలిస్టుల చేతి సంకేతములను గుర్తించగలవని గూగుల్ సంస్థ 2016లో తెలిపినది. చేతికన్నా సూక్ష్మమైన కదలికలతోనే చిక్కు. 2015లో ఆస్టిన్ నగరపు కూడలిలో ఒక సైకిలిస్టు కాలు నేలపై మోపకుండా, సైకిలును కొద్దిగా ముందుకూ వెనుకకూ ఆడిస్తూ నిలబడగా, అతడు కదిలినపుడల్లా గూగుల్ కారు బయలుదేరబోయి ఆగిపోయినది. పాపము, ఇద్దరూ ఎదుటివారికి దారి ఇద్దామనే అనుకున్నారు!

కారు ఇవ్వగల సంకేతములలో మొదటిది దాని నడకే. దూరము నుండే స్పష్టముగా వేగము తగ్గించినచో సైకిలిస్టుకు సగము సంగతి తెలుస్తుంది. దీనికి తోడు కారు చుట్టూ దీపముల వలయము, రోడ్డుపై పడే రంగు వెలుగు వంటి వాటిని గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించారు. సైకిలు కారుకు ముందే కాక ప్రక్కన, వెనుక కూడా ఉంటుంది గనుక దీపము అన్ని వైపులకూ కనబడాలి. అది "నేను ఆగుతున్నాను" అని చెప్పవచ్చును గాని "నీవు వెళ్ళు" అని చెప్పరాదు. ప్రక్క వరుసలో మరొక లారీ వస్తూ ఉండవచ్చును.

మన రోడ్లపై

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటి హైదరాబాదులో చోదకరహిత వాహనముల పరీక్షా కేంద్రము "టిహాన్" 2022 జులై 4న ప్రారంభమైనది. ఇటువంటి కారు గోదావరి డెల్టాకు వస్తే నేర్చుకొనవలసినది చాలా ఉంటుంది. కాలువ గట్టు రోడ్డు పలుచోట్ల ఒక్క బండికే సరిపోతుంది. కొబ్బరికాయల బస్తా వేసుకొని వచ్చే మనిషి రెండు చేతులతో హేండిలు పట్టుకొనక తప్పదు. చేయి చాపడు, తల త్రిప్పుతాడు, లేదా తొక్కడము ఆపుతాడు. హెడ్‌లైటు వెలిగించి ఆర్పడము మన వైపు సాధారణముగా "నేను వస్తున్నాను, ఆగు" అని అర్థము. బ్రిటనులో డ్రైవర్లు దానినే "ముందు నీవు వెళ్ళు" అనడానికి వాడుతుంటారు. అక్కడ శిక్షణ పొందిన కారు ఇక్కడ దీపము ఆర్పి వెలిగిస్తే, సైకిలు గట్టు దిగవలసి వస్తుంది.