ప్రతిధ్వని చెప్పిన కబురు, రెండు తీగెల మీద ప్రయాణం

కారును వెనుకకు నడిపేటప్పుడు డ్రైవరుకు అన్నీ కనిపించవు. దూరంగా వచ్చే లారీ అద్దంలో కనిపిస్తుంది, పక్కనున్న ప్రహరీగోడ కనిపిస్తుంది. కాని సరిగ్గా కారు వెనుక ఆడుకుంటున్న రెండేళ్ళ పాప కనిపించకపోవచ్చు. కన్ను చూడలేని చోట చెవి చూడగలిగితే? అలాంటి చెవులే కారు వెనుక బంపరులో బొత్తాముల్లా గుండ్రంగా కనిపించే అతిధ్వని సెన్సర్లు. మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే కొత్త కార్లకు ఇటువంటి హెచ్చరిక ఏర్పాటు తప్పనిసరి చేశారు.

ఈ చెవి దూరాన్ని ఎలా కొలుస్తుంది? కొలిచిన సంగతిని కారులోని మిగతా భాగాలకు ఎలా చెబుతుంది? ఈ రెండూ తెలుసుకుందాం.

వినిపించని కేక

మన చెవులు సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే వినగలవు. అంతకు మించిన ధ్వనులను అతిధ్వనులు అంటారు. గబ్బిలాలు చీకటిలో దేనికీ తగలకుండా ఎగిరేది వీటి సాయంతోనే. అవి అరిచి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని వింటాయి.

సెన్సరులో పింగాణీ వంటి పదార్థంతో చేసిన చిన్న బిళ్ళ ఉంటుంది. దానికి విద్యుత్తు ఇస్తే అది కంపిస్తుంది. దాన్ని కంపింపజేస్తే విద్యుత్తు పుడుతుంది. ఒత్తిడి వల్ల కొన్ని స్ఫటికాలలో విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు జాక్, పియర్ కనుగొన్నారు. అందువల్ల ఒకే బిళ్ళ నోరుగానూ చెవిగానూ పనిచేస్తుంది. మొదట అది సెకనుకు 40,000 లేదా అంతకు పైగా కంపనాలతో చిన్న కేక వేస్తుంది. తరువాత మౌనంగా వింటుంది.

కేక వేసిన 10 మిల్లీసెకన్లకు, అంటే సెకనులో నూరోవంతుకు, ప్రతిధ్వని వచ్చిందనుకోండి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది. నూరోవంతు సెకనులో 3.43 మీటర్లు. ఇది పోయిన దారీ, వచ్చిన దారీ కలిపి. అందులో సగం, 1.715 మీటర్లు, అడ్డంకి ఉన్న దూరం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. 40 డిగ్రీల ఎండలో అది సుమారు 355 మీటర్లు. అదే 10 మిల్లీసెకన్లకు దూరం 1.775 మీటర్లు అవుతుంది. వేడిని లెక్కలోకి తీసుకోకపోతే 6 సెంటీమీటర్ల తేడా వస్తుందన్నమాట!

తీగెల చిక్కుముడి

దూరం తెలిసింది. దానిని డ్రైవరు ముందున్న తెరకు, గంట మోగించే భాగానికి, కొన్ని కార్లలో బ్రేకు వేసే భాగానికి కూడా చెప్పాలి. ప్రతి జంటకూ విడిగా తీగె వేసుకుంటూ పోతే? పది భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే 45 జంటలు కావాలి. బరువు, ఖర్చు పెరుగుతాయి. ఎక్కడ తీగె తెగిందో వెతకడం మెకానిక్కుకు తలనొప్పి.

ఈ చిక్కు విప్పడానికి జర్మనీలోని బాష్ కంపెనీ ఇంజనీర్లు 1983లో పని మొదలుపెట్టి, 1986లో తమ పద్ధతిని లోకానికి ప్రకటించారు. అదే కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్. పొట్టిగా కాన్ బస్ అంటారు. ఈ బస్సుకు టిక్కెట్టు అక్కరలేదు! లాటిన్‌లో ‘ఆమ్నిబస్’ అంటే ‘అందరికీ’ అని అర్థం. మనమెక్కే బస్సుకూ, ఈ తీగెల బస్సుకూ పేరు అక్కడినుంచే వచ్చింది.

ఇందులో అందరికీ కలిపి రెండే తీగెలు. అవి తాడులా మెలివేసి ఉంటాయి. ఎవరూ మాట్లాడనప్పుడు రెండింటి మీదా దాదాపు 2.5 ఓల్టులు. సున్నా పంపాలంటే ఒకదానిని 3.5కు పెంచి, రెండోదానిని 1.5కు తగ్గిస్తారు. తేడా 2 ఓల్టులు. ఒకటి పంపాలంటే రెండింటినీ సమంగా వదిలేస్తారు. తేడా ఏమీ ఉండదు.

ఎందుకీ తంటా? ఇంజనులోని నిప్పురవ్వల వల్ల తీగెలలోకి ఒక ఓల్టు అదనంగా చొరబడిందనుకోండి. తీగెలు మెలివేసి ఉన్నాయి కనుక రెండింటిలోకీ దాదాపు సమానంగా చొరబడుతుంది. 3.5 కాస్తా 4.5, 1.5 కాస్తా 2.5 అవుతాయి. తేడా మాత్రం 2 ఓల్టులే! వినేవారు తేడానే చూస్తారు గనుక గోల వారిని ఏమీ చెయ్యలేదు. తీగెల రెండు కొసలా 120 ఓముల నిరోధం బిగిస్తారు. అది లేకపోతే సంకేతాలు కొసన తగిలి, ప్రతిధ్వనిలాగే వెనుకకు వచ్చి, తరువాతి సంకేతాలను చెడగొడతాయి.

కార్డు మీద ఏముంటుంది?

సెన్సరు బోర్డు పంపే సందేశం పోస్టుకార్డు వంటిది. కాని దాని మీద చిరునామా ఉండదు! ముందుగా 11 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ‘ఇది వెనుక దూరం’ అని విషయాన్ని అది తెలుపుతుంది. అవసరమున్నవారు తీసుకుంటారు, లేనివారు వదిలేస్తారు. తరువాత అసలు కబురు, గరిష్ఠంగా 8 బైట్లు. ఒక బైటులో 255 దాకానే పడుతుంది. మన 1715 మిల్లీమీటర్లకు రెండు బైట్లు కావాలి. 256ను 6తో గుణించి 179 కలిపితే 1715. కనుక పంపేవి 6, 179. పుచ్చుకున్నవారు మళ్ళీ గుణించి కలుపుకుంటారు.

చివర సరిచూసే సంఖ్య ఉంటుంది. వినేవారూ అదే లెక్క కడతారు. సరిపోకపోతే ‘తప్పు!’ అని సంకేతమిస్తారు. సందేశం మళ్ళీ వస్తుంది. సెకనుకు 5 లక్షల అంకెల వేగంతో ఈ కబురంతా పోవడానికి మిల్లీసెకనులో ఆరోవంతు కూడా పట్టదు. అంత కాలంలో ధ్వని గాలిలో దాటేది అయిదారు సెంటీమీటర్లే.

ఇద్దరు ఒకేసారి మాట్లాడితే?

తరగతిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినబడదు. కాన్ బస్‌లో అలా జరగదు. ఒకరు సున్నా, ఒకరు ఒకటి పంపితే తీగెల మీద సున్నాయే నిలుస్తుంది. బ్రేకు సందేశం సంఖ్య 00010000000, దూరం సందేశం సంఖ్య 01100000000 అనుకుందాం. మొదటి అంకె ఇద్దరిదీ సున్నా. రెండో అంకె దగ్గర దూరం బోర్డు ఒకటి పంపి, తీగె మీద సున్నా ఉండటం చూస్తుంది. ‘నాకంటే ముఖ్యమైనవారున్నారు’ అని వెంటనే ఆగిపోతుంది. బ్రేకు సందేశం ఒక్క అంకె కూడా చెడకుండా సాగిపోతుంది. అది ముగిశాక దూరం బోర్డు మళ్ళీ ప్రయత్నిస్తుంది. సంఖ్య ఎంత చిన్నదైతే అంత ముందు. కనుక ఏ సందేశానికి ఏ సంఖ్య ఇవ్వాలన్నది ప్రాణాలకు సంబంధించిన నిర్ణయం.

మౌనం అంగీకారం కాదు

బోర్డు నుంచి కబురు రాలేదు. అంటే అడ్డంకి లేదనా? కానే కాదు! తీగె తెగి ఉండవచ్చు. తరచుగా తప్పులు చేసే బోర్డు ఇతరులకు అడ్డు రాకుండా బస్ నుంచి తానే తప్పుకునే నియమం కూడా ఉంది. అందుచేత ‘అడ్డంకి లేదు’ అన్న సంగతిని కూడా బోర్డు పదే పదే చెబుతూనే ఉండాలి. నియమిత కాలంలో అది వినబడకపోతే ‘సెన్సరు పనిచెయ్యడం లేదు’ అని డ్రైవరుకు తెలపాలి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనుకకు వచ్చే కారు పదోవంతు సెకనులో 14 సెంటీమీటర్లు కదులుతుంది. ఆలస్యానికి అంత విలువ ఉంది. పైగా మెత్తని బట్టలు ధ్వనిని సరిగా తిప్పి పంపవు, మరీ కింద ఉన్నవి దానికి చిక్కకపోవచ్చు. కనుక దిగి ఒకసారి వెనుక చూసుకునే అలవాటుకు ఏ సెన్సరూ బదులు కాదు.

మీరే ఆడి చూడండి

ముగ్గురు మిత్రులు 0011, 0101, 0110 అనే సంఖ్యలు తలా ఒకటి తీసుకోండి. నాలుగోవారు ‘ఒకటి, రెండు...’ అని లెక్కపెట్టాలి. మీ అంకె సున్నా అయితే చెయ్యి ఎత్తండి. ఒకటి అయితే దించి ఉంచండి. మీది ఒకటి అయి, మరొకరి చెయ్యి లేచి ఉంటే ఆటనుంచి తప్పుకోండి. చివరికి ఎవరు మిగిలారు? ఎన్నిసార్లు ఆడినా చిన్న సంఖ్యే ఎందుకు గెలుస్తుంది? ఇద్దరికి పొరపాటున ఒకే సంఖ్య ఇస్తే ఏమవుతుంది? ఆలోచించండి.